ఇల్లే మొదటి బడి: కోలారు గనుల కుటుంబముల నుండి ఒక పాఠము

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, యోబు 28వ అధ్యాయము, అపొస్తలుల కార్యములు 14:8-18, 16:1-3, 2 తిమోతి 1:5, 3:14-15.

పాఠము యొక్క ఉద్దేశము: ఊరు మారినను, పని వేళలు మారినను, భాషలు మారినను, బిడ్డలకు దేవుని వాక్యము నేర్పు బాధ్యత ఇంటిని విడిచిపోదని గ్రహించుట; ఆ బాధ్యతను నెరవేర్చుటకు ప్రతి కుటుంబము ఒక వేళ ఏర్పరచుకొనుట.



మనలో అనేకులము పొట్టకూటి కొరకు పుట్టిన ఊరు విడిచినవారము, లేదా అట్లు విడిచినవారి బిడ్డలము. బెంగుళూరులో ఉన్నవారికిని, గల్ఫులో ఉన్నవారికిని, అమెరికాలో ఉన్నవారికిని ఒకే ప్రశ్న ఎదురగుచున్నది: మన పిల్లలకు దేవుని భయము ఎవరు నేర్పవలెను? కొన్ని దేశములలో విశ్వాసులు కొందరు పిల్లలను బడికే పంపక, ఆరుగురైనను ఎనిమిదిమందియైనను ఇంటిలోనే ఉంచి, లెక్కలు మొదలు లేఖనముల వరకు తామే నేర్పుచున్నారు. దానిని చూచి మనవారు కొందరు "మనమును అట్లు చేయవలెనా?" అని అడుగుచున్నారు. ఈ ప్రశ్నను మా కోలారు బంగారు గనుల ప్రాంతపు అనుభవముతో కలిపి వాక్యపు వెలుగులో ఆలోచింతము.

1. గని ఇచ్చినది, గని ఇయ్యలేనిది

యోబు 28వ అధ్యాయమును చదువునప్పుడు మా ప్రాంతపు విశ్వాసులకు వేరొక వ్యాఖ్యానము అక్కరలేదు. మనుష్యుడు దీపము పట్టుకొని చీకటిలోనికి దిగుట, ఊరి జనము ఎరుగని లోతులో వ్రేలాడుచు పనిచేయుట, కొండను మొదలంట తొలిచి బంగారము వెలికి తీయుట అక్కడ వర్ణింపబడినది. అది మా తాతల దినచర్యయే.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఇంగ్లీషు కంపెనీ ఇక్కడి గనుల పని చేపట్టినది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమలనుండి తెలుగు, తమిళ కుటుంబములు కూలికి వచ్చి చేరినవి. వారిలో ఎక్కువమంది దళితులు. ఊరిలో సెంటు భూమియైనను లేనివారు. 1902లో కావేరి మీది శివసముద్రము నుండి ఈ గనులకు విద్యుత్తు వచ్చినది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వము చేతికి వచ్చినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న ఆ సంస్థ మూతపడినది. నూట ఇరువది ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారము ఇక్కడినుండి తీయబడినది.

ఆ బంగారము తీసిన చేతులలో ఏమి మిగిలినది? కొందరికి లైనులో ఒక చిన్న ఇల్లు మిగిలినది. కొందరికి రాతిధూళి వలన వచ్చు సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి మిగిలినది. చిన్న వయస్సులోనే విధవరాండ్రైన తల్లులు పిల్లలను పెంచిన ఇండ్లు మా మధ్య అనేకములు. నాయన పని కొడుకునకు వచ్చునని నమ్మిన తరమునకు ఆ పనియే లేకపోయినది. బంగారము ఎక్కడ దొరుకునో ఎరిగిన మనుష్యునికి జ్ఞానము ఎక్కడ దొరుకునో తెలియలేదని యోబు చెప్పుచున్నాడు. అధ్యాయపు చివరి వచనములో జవాబున్నది: దేవునియందలి భయమే జ్ఞానము. దానిని గనిలో త్రవ్వి తీయలేము, కంపెనీ పింఛనుగా ఇయ్యలేదు. అది ఇంటిలో ఒకరినుండి ఒకరికి అందవలసినది.

2. లుస్త్ర పట్టణములోని ఒక ఇల్లు

పరదేశములో బిడ్డలను పెంచు తల్లిదండ్రులు తిమోతి కుటుంబమును శ్రద్ధగా గమనింపవలెను. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయములో లుస్త్రవారు పౌలు చేసిన అద్భుతమును చూచి లుకయోనియ భాషలో కేకలు వేసిరని చదువుచున్నాము. అది వీధి భాష. 16వ అధ్యాయములో తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడనియు, తల్లి విశ్వాసురాలైన యూదురాలనియు చదువుచున్నాము. ఇట్లు ఆ పిల్లవానికి వీధిలో ఒక భాష, తండ్రి తట్టు ఒక ఆచారము, తల్లి తట్టు వేరొక విశ్వాసము. పౌలు వచ్చువరకు అతనికి సున్నతియైనను జరుగలేదు. ఆ ఇంటిలో తల్లి మాటయే అన్నిటిలో చెల్లలేదని దీనివలన తెలియుచున్నది.

మా కోలారు పిల్లల సంగతియు ఇంచుమించు ఇట్టిదే. బడిలో కన్నడము, ఇంగ్లీషు. గనుల వీధులలో తమిళము. ఇంటిలో తెలుగు. ముళబాగిలు, శ్రీనివాసపురము తట్టు పల్లెలలో తెలుగు తరతరములుగా ఇంటి భాష; గనులకు వలస వచ్చినవారికి అది ఊరినుండి మూటగట్టి తెచ్చుకొనిన భాష. ఒక పిల్లవాడు దినమునకు మూడు నాలుగు భాషలు మాట్లాడును, గాని తెలుగు బైబిలు చేతికిచ్చిన అక్షరము గుర్తుపట్టలేడు. అవ్వ చేయు ప్రార్థన వానికి సగమే అర్థమగును. ఇది బెంగుళూరులోను, దుబాయిలోను, డాలసులోను ఉన్న మన పిల్లల సంగతి కూడ.

అట్టి కలగలుపు ఇంటిలోనే తిమోతి పసితనమునుండి లేఖనములను ఎరిగియుండెను. నేర్పినవారెవరు? 2 తిమోతి 1:5లో పౌలు అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను పేరుపెట్టి జ్ఞాపకము చేసికొనుచున్నాడు. లుస్త్రలో యూదుల సమాజమందిరమున్నట్లు ఆ అధ్యాయములలో ఎక్కడను చెప్పబడలేదు. అనుకూలమైన ఊరు లేదు, ఒకే మనస్సుగల ఇల్లును లేదు. అయినను ఇద్దరు స్త్రీలు ఆ పని మానలేదు. "మాకు ఇక్కడ తెలుగు సంఘము దగ్గరలో లేదు, ఏమి చేయగలము?" అనువారికి ఈ ఇల్లు జవాబు చెప్పుచున్నది.

3. లైనిండ్లలోని బడి

గనుల లైనిల్లు అనగా ఒకటి రెండు చిన్న గదులు, వంటకు ఒక మూల, ముందర కొంచెము చోటు. గాలికాలములో సైనైడు గుట్టలనుండి తెల్లని దుమ్ము లేచి గిన్నెలమీదను పక్కలమీదను పడును. అట్టి ఇంటిలో అవ్వ తాతలతో కలిసి ఎనిమిది పదిమంది ఉండుట మునుపటి తరములో వింత కాదు. చదువుకొను గది అన్న మాటయే లేదు. గనిలో పని షిఫ్టుల చొప్పున జరిగెడిది గనుక తండ్రి కొన్నాళ్లు పగలు నిద్రించును, కొన్నాళ్లు రాత్రి పనికి పోవును.

ఇట్టి చోట కుటుంబ ప్రార్థన ఎట్లు నిలిచినది? గడియారమును బట్టి కాదు, మనుష్యులను బట్టి నిలిచినది. నాయన షిఫ్టుకు పోకముందు అందరును కూర్చున్న వేళయే ప్రార్థన వేళ. సంగటి గిన్నె దించి, అది చల్లారులోగా ఒక కీర్తన పాడి, ఒక భాగము చదివిరి. లోనికి దిగినవాడు సాయంకాలము తిరిగి వచ్చునని ఎవరును పూచీపడలేరు. లోతైన గనులలో ఒత్తిడికి బండలు ఉన్నట్టుండి పగిలి పడుట ఈ గనులలో ఎరిగిన అపాయమే. గనుక గుమ్మము దాటకముందు చేయు ప్రార్థన వట్టి ఆచారము కాలేదు. ఆ ఇంటికి అది ఊపిరి.

ద్వితీయోపదేశకాండము 6:7లో బిడ్డలకు నేర్పుటను గూర్చి వాడబడిన హెబ్రీ మాటకు పదును పెట్టుట అను భావమున్నది. రాయి తొలుచు ఉక్కు కడ్డీ ఒక పూట పనితోనే మొద్దుబారును. మరల పదును పెట్టనిదే రెండవ పూటకు పనికిరాదు. గనివారికి ఈ సంగతి ఎవరును నేర్పనక్కరలేదు. పిల్లల మనస్సునకు ఆదివారము ఒక్కసారి పెట్టిన పదును శనివారము వరకు నిలువదు. అందుకే మోషే కూర్చుండుట, నడచుట, పండుకొనుట, లేచుట అను నాలుగు వేళలను చెప్పెను. వీటిలో ఒక్కటియు బడి వేళ కాదు. అన్నియు ఇంటివారి చేతిలోని వేళలే.

4. పెద్ద కుటుంబము: భారమా, తరగతియా?

127, 128 కీర్తనలు బిడ్డలను యెహోవా ఇచ్చు స్వాస్థ్యముగా చూచుచున్నవి. ఎక్కువమంది పిల్లలు గర్వమునకు కారణము కాదు, తక్కువమంది లోపమును కాదు. అయితే ఎక్కువమంది ఉన్న ఇంటిలో తల్లి బలము ఉడిగిపోవుట మనము చూచుచున్నాము. అట్టి తల్లి ఏమి చేయగలదు?

ఇంగ్లాండులోని ఎప్‌వర్త్ గ్రామములో సుసన్నా వెస్లీ (1669-1742) అను తల్లి జీవించెను. ఆమె పందొమ్మిదిమందిని కనెను. వారిలో తొమ్మండుగురు పసితనములోనే చనిపోయిరి. భర్త సంఘ కాపరియైనను అప్పులు తీరలేదు. 1709లో ఇల్లు కాలిపోయినది. ఆమె తన బిడ్డలకు ఇంటిలోనే దినమునకు ఆరు గంటలు చదువు చెప్పెను. అయిదేండ్లు నిండగానే అక్షరములు నేర్పి, వెంటనే ఆదికాండము మొదటి అధ్యాయమును చదివించెడిది. ఇవన్నియు కుమారుడైన జాన్ వెస్లీ అడుగగా 1732లో ఆమె వ్రాసిన ఉత్తరమువలన తెలియుచున్నవి.

ఆమె పద్ధతిలో రెండు సంగతులు మనకు మిక్కిలి ఉపయోగకరములు. మొదటిది, వారములో ఒక్కొక్క సాయంకాలమును ఒక్కొక్క బిడ్డకు కేటాయించి వానితో ఒంటరిగా మాట్లాడుట. పదిమందిలో ఒకడుగా పెరుగు బిడ్డ తన సందేహమును అందరియెదుట చెప్పడు. వానికి తల్లి చెవి ఒక్క అరగంట దొరికిన చాలును. రెండవది, ఆడపిల్లకు చదువుట బాగుగా వచ్చువరకు ఆమెకు పని నేర్పరాదను నియమము. మూడువందల ఏండ్ల క్రిందటి ఈ నియమమును మనము నేటికిని నేర్చుకొనవలసియున్నది. పెద్ద కుటుంబములలో పెద్దక్కయే చిన్నవారికి రెండవ తల్లి. నీళ్లు మోయుట, చంటిబిడ్డను ఎత్తుకొనుట, వంట చూచుట ఆమె పాలు. తమ్ముడు బడికి పోవును, ఆమె మానుకొనును. దీనికి "ఇంటి చదువు" అని పేరు పెట్టినయెడల అది చదువు కాదు, అన్యాయము.

పెద్ద కుటుంబమునకు ఒక మేలును కలదు. పెద్దవాడు చదువును, నడిమివాడు చదివినది తన మాటలలో చెప్పును, చిన్నది పాట ఎత్తుకొనును. నేర్పువాడు రెండంతలు నేర్చుకొనును. తల్లికి అక్షరము రాకపోయినను ఈ తరగతి నడచును. చదువురాని అవ్వలు కీర్తనలను నోటికి నేర్చుకొని మనుమలకు అప్పగించుట మన తెలుగు సంఘములు ఎరిగిన సంగతే.

5. బడి మాన్పింపవలెనా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదము. 1993 నాటికి అమెరికాలోని యాభై రాష్ట్రములలోను ఇంటి చదువు చట్టసమ్మతమైనది. జర్మనీలో పిల్లలు బడికి హాజరగుట తప్పనిసరి. ఇంటి చదువు సాధారణముగా అనుమతింపబడదు. గనుక పరదేశములో ఉన్నవారు అక్కడి చట్టమును మొదట తెలిసికొనవలెను. మన దేశములో 2009 నాటి విద్యా హక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్య హక్కని అది చెప్పుచున్నది. ఇంటి చదువును గూర్చి విడిగా ఏమియు చెప్పుట లేదు. 1989లో స్థాపింపబడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా, పదునాలుగు ఏండ్లు నిండినవారు బడికి పోకయే పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును.

అయితే మేము ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మన తాతలకు బడి అందనందుననే గనిలోనికి దిగిరి. బడి వాకిలి తెరచుకొనుట మనవంటివారికి దేవుడు చేసిన గొప్ప మేలు. దినమంతయు నేర్పుటకు తీరికయు, తగిన చదువును, క్రమమును ఉన్న తల్లిదండ్రులు ప్రార్థనాపూర్వకముగా ఇంటి చదువును ఎంచుకొనినయెడల వారిని విమర్శింపరాదు. అవి లేనివారు భక్తి పేరిట బిడ్డను బడి మాన్పించుట వాక్యము కోరునది కాదు. 2020లో అంటువ్యాధివలన బడులు మూతపడినప్పుడు ఒక్క ఫోను చుట్టు నలుగురు పిల్లలు కూర్చుండి ఎంత వెనుకబడిరో అందరము చూచితిమి. అదే సమయములో, ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి దినమునకు రెండుసార్లు ప్రార్థించిన ఇండ్లును ఉన్నవి.

మోషే కోరినది బడిని విడుచుట కాదు, ఇంటి వేళను విడువకుండుట. బడి లెక్కలు నేర్పవచ్చును. పండుకొనునప్పుడును లేచునప్పుడును బిడ్డ ప్రక్కన ఉండునది బడి కాదు.

6. విశ్వాసము వారసత్వము కాదు

బాప్తిస్టులమైన మనము ఇక్కడ జాగ్రత్తపడవలెను. ఇంటి బోధ బిడ్డను వాక్యమునకు దగ్గర చేయును, గాని బిడ్డకు మారుగా తల్లి నమ్మలేదు. లోయిలో ఉండిన విశ్వాసము తిమోతిలోను ఉన్నదని పౌలు రూఢిగా నమ్మెను. అనగా అది అతని సొంత విశ్వాసమాయెను. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు అవ్వ తాతల సంతోషము కొరకు పిల్లలను తొందరపెట్టి బాప్తిస్మమునకు నిలువబెట్టుట మన సాక్ష్యమునకు తగినది కాదు. బిడ్డ తానే గ్రహించి, తానే ఒప్పుకొని, తానే అడుగువరకు కనిపెట్టుదము. అడుగునట్లు నేర్పుదము, ప్రార్థింతము.

అట్లే ఎఫెసీ 6:4, కొలొస్సయి 3:21 వచనములు తండ్రులను హెచ్చరించుచున్నవి. బెత్తముతో చేయించిన ప్రార్థన బిడ్డ ఇల్లు విడిచిన దినముననే ఆగిపోవును. తండ్రి త్రాగుడును, అబద్ధమును, అప్పు ఎగవేతయును చూచిన బిడ్డకు తండ్రి చదువు వాక్యము చెవికెక్కదు.

7. ఈ దినములలో ఎట్లు?

గనులు మూతపడిన తరువాత మా ప్రాంతమువారు వేలమంది బెంగుళూరుకు పనికి పోవుచున్నారు. మారికుప్పము, చాంపియన్, ఊర్గాము, కోరమండల్ స్టేషనులలో తెల్లవారకముందే బండి ఎక్కి, చీకటి పడిన తరువాత దిగువారున్నారు. ఆదివారము తప్ప నాయన మెలకువగా ఉన్న పిల్లలను చూడని ఇండ్లున్నవి. మునుపు షిఫ్టు చేసిన పనిని ఇప్పుడు రైలు చేయుచున్నది. మీ ఊరిలో అది ట్రాఫిక్కు కావచ్చును, రాత్రి డ్యూటీ కావచ్చును, సముద్రమునకు ఆవలి ఉద్యోగము కావచ్చును. గనుక ఈ సూచనలను వ్రాయుచున్నాము:

మొదటిది, ఇరువది నిమిషములు చాలును. వేళ మీ ఇంటివారు కలిసియుండునదై యుండవలెను. కలిసియుండు వేళయే లేనిచో ఒకదానిని కల్పించుకొనుడి.

రెండవది, మొదట తెలుగులో చదివి, అదే భాగమును బిడ్డ బడిలో చదువు భాషలో చదివించుడి. భాష రాలేదని బిడ్డను ఎగతాళి చేయరాదు. దినమునకు రెండు అక్షరములు నేర్పినను రెండు నెలలు గడువకముందే అక్షరమాల పూర్తియగును.

మూడవది, చదివిన తరువాత మీరు ప్రసంగింపకుడి. బిడ్డను ఒక ప్రశ్న అడుగుడి, బిడ్డను ఒక ప్రశ్న అడుగనియ్యుడి.

నాలుగవది, దూరమున ఉన్న తండ్రి ఫోనులో డబ్బు సంగతులు మాట్లాడకముందు పిల్లలతో ఒక వచనము చదువవలెను.

అయిదవది, వారమునకు ఒక్కసారియైనను ఒక్కొక్క బిడ్డకు ఒంటరి సమయమియ్యుడి.

ఆరవది, అవ్వ తాతలు ఉన్న ఇంటివారు వారిచేత వలస వచ్చిన కథను, దేవుడు కాపాడిన విధమును చెప్పించుడి. 78వ కీర్తన కోరునది ఇదే: విన్న తరము ఇంకను పుట్టని తరమునకు చెప్పవలెను.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలో అందరును కలిసియుండు వేళ ఏది? ఆ వేళను ఇప్పుడు ఏది ఆక్రమించుచున్నది?
2. తిమోతి ఇంటికిని మన ఇంటికిని ఉన్న పోలికలు ఏవి?
3. మన కుటుంబములో ఆడపిల్లల చదువును పని అడ్డగించుచున్నదా? దానిని ఎవరెవరు పంచుకొనగలరు?
4. మన సంఘములో తెలుగు చదువలేని పిల్లలు ఎందరు? వారికి నేర్పుటకు ఎవరు ముందుకు వచ్చెదరు?
5. బిడ్డ తన విశ్వాసమును తానే ఒప్పుకొనువరకు మనము ఎట్లు ఓపికతో నడిపింపవలెను?

ప్రార్థనాంశములు: గనుల ప్రాంతములోని విధవరాండ్రైన తల్లుల కొరకును, తెల్లవారుజామున రైలెక్కు తండ్రుల, తల్లుల, యౌవనుల కొరకును, చదువు మానుకొనిన ఆడపిల్లల కొరకును, దూరదేశములలో ఒంటరిగా పిల్లలను పెంచుచున్నవారి కొరకును ప్రార్థింపుడి.

భూమి లోతులోని బంగారము ఒకనాటికి ఆగిపోయినది. పసివాని హృదయములో నాటబడిన వాక్యమును ఏ కంపెనీయు మూసివేయలేదు. ప్రభువు మిమ్మును మీ ఇంటివారిని ఆశీర్వదించును గాక. ఆమేన్.